గంగమ్మకు ఫ్లాట్ వైరు

ఆ ఉదయం గురునాథం వేసుకున్న పథకంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. చాతం జెట్టీలో మొదటి ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డు బాంబూఫ్లాట్‌కి దాటాలి. అక్కడ వేటకెళ్లే నూకన్న చిన్న పడవ, డింగీ, సిద్ధంగా ఉంటుంది. కన్నారావు దగ్గర బతిమాలి తెచ్చిన ఫిష్‌ఫైండర్‌ని డింగీకి బిగించి, తమ్ముడి పడవ మునిగిన చోటు వెతకాలి. పడవతో పాటు అడుక్కి పోయిన ఇంజన్ను చీకటి పడేలోగా పైకి లాగాలి. రేపటికి వాయిదా వేస్తే పనికిరాదు. మే నెల మబ్బు సముద్రం మీద నల్లగా దిగిపోయింది. పైగా రేపు పొద్దున్నే కన్నారావు తన టూరిస్టు బోటు తీసుకుని హేవ్‌లాక్ దీవికి వెళ్లిపోతాడు, ఫిష్‌ఫైండర్‌తో సహా.

ఇంజను ఒక్కటే అయితే గురునాథం ఇంత తాపత్రయపడేవాడు కాదు. తమ్ముడు లక్ష్ముడు వేటకి ఒంటరిగా వెళ్లి, గాలివానకి పడవ బోల్తాపడితే, దాని వీపు పట్టుకుని ఎంతసేపు వేలాడాడో ఎవరికీ తెలియదు. ఒంటినిండా బురదతో ఇంటికి నడిచొచ్చాడు. వచ్చినవాడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అంతే. మాట లేదు. పడవెక్కడరా అంటే బయటి సముద్రం వైపు చెయ్యి ఊపుతాడు. భార్య రామలక్ష్మి గంజి పెడితే తాగుతాడు, పెట్టకపోతే అడగడు. ఇంజను దొరికితే మనిషి లేస్తాడని గురునాథం నమ్మకం. దేవుణ్ణి నమ్మనివాడు కూడా ఏదో ఒకటి నమ్మాలి కదా.

అయితే ఫిష్‌ఫైండర్‌తో ఒక చిక్కుంది. నీటి అడుగుని చూసే కన్నుకీ, బొమ్మ చూపించే పెట్టెకీ మధ్య ఒక ఫ్లాట్ వైరు ఉంటుంది. బొటనవేలంత వెడల్పు, రేకులా పల్చన. చుడితే మడతపడుతుంది. మడతపడితే లోపలి తీగ తెగుతుంది. తెగితే కొత్తది చెన్నై నుంచి ఓడ మీద రావాలి.

"గురునాథం భయ్యా, పెట్టె నీళ్లలో పడేసినా ఫర్వా నేదు. వైరు మాత్రం మడతపడకూడదు. సంఝే?" అని కన్నారావు ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు.

గురునాథం ఓడల మరమ్మతు యార్డులో ఎలక్ట్రీషియన్. పని పద్ధతిగా చేసే మనిషి. అందుకని ఆ వైరుకి ఒక కవరు కుట్టాడు. గుడ్డ దళసరిగా ఉండాలి కనక, నిరుడు గంగమ్మ పండక్కి పడవలకి జెండాలు కట్టగా మిగిలిన పసుపు గుడ్డ తీసుకున్నాడు. వైరు వంగకుండా లోపల గట్టి అట్ట పెట్టాలి. ఈ దీవుల చెమ్మకి అట్ట వారానికే అప్పడమైపోతుంది. పెద్దాసుపత్రిలో తెలిసిన వార్డుబాయ్‌ని అడిగి పాత ఎక్స్‌రే ఫిల్మొకటి తెచ్చాడు. ఎవరి రొమ్ముదో తెలియదు, కొలత మాత్రం అతికినట్టు సరిపోయింది. చెమ్మ పీల్చడానికి ఉప్పుడబ్బాలో వేసినట్టు గుప్పెడు బియ్యం వేశాడు. జారిపోకుండా మూడుచోట్ల దారంతో ముడేశాడు.

చివరికి కవరు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. డాలీగంజ్‌లో వాళ్ల రేకుల ఇల్లు పడకగదిలో కారుతుంది, వంటింట్లో కారుతుంది, వసారాలో ధారగా పోస్తుంది. కారనిది ఒకే ఒక్క చోటు. అత్తగారు సింహాచలమ్మ పోరు పడలేక, తన చేతులతోనే కొత్త రేకు కొట్టిన అమ్మవారి అలమార. గురునాథం వైరు పెట్టిన కవరుని గంగమ్మ పటం ముందు పెట్టి, ఛార్జింగుకిచ్చిన బ్యాటరీ తెచ్చుకోవడానికి వీధి చివర దుకాణానికి వెళ్లాడు.

ప్రతి పనికీ ఒక కారణం ఉంది. కారణాలన్నీ గురునాథం బుర్రలో ఉన్నాయి. అలమారలో మాత్రం కవరొక్కటే ఉంది.

దుకాణంలో కరెంటు లేదు. వచ్చేదాకా కూర్చున్నాడు. బ్యాటరీ మోసుకుని తడుస్తూ ఇంటికొచ్చేసరికి అలమార ఖాళీగా ఉంది. భార్య కామమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. పొయ్యి వెలగలేదు.

"కామా, నా కవరేదీ?"

కామమ్మ తలెత్తింది. ముక్కు ఎర్రగా ఉంది. "ఎన్నాళ్ల నుంచి మావా?"

"ఎన్నాళ్లేటి? నిన్న కుట్టాను."

"కవరు సంగతి కాదు. జబ్బు."

"ఏ జబ్బు?"

"అమ్మోరికి సెప్పుకున్నావు. నాకు సెప్పడానికి నోరు రానేదు. అయితే నేనెవర్ని మావా ఈ ఇంట్లో?" కామమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

గురునాథానికి జరిగింది మెల్లిగా తెలిసింది. సింహాచలమ్మ దీపం పెట్టబోతూ పసుపు గుడ్డ చూసింది. మూడు ముళ్లు చూసింది. తడిమితే బియ్యం తగిలాయి. ముడుపు! ఈ అల్లుడు పెళ్లయినప్పటినుంచీ ఒక్క కొబ్బరికాయ కొట్టగా ఆమె చూడలేదు. అలాంటివాడు ముడుపు కట్టాడంటే ముంచుకొచ్చింది మామూలు కష్టం కాదు. ఏమిటా అని చూస్తే, గుడ్డ అంచులోంచి నల్లటి ఫిల్మ్ మొన బయటికొచ్చి ఉంది. ముళ్లు విప్పకుండా ఆ మొన పట్టుకుని సగం పైకి లాగి కిటికీ వెలుగుకి పెట్టింది. పక్కటెముకలు. ఎడమ పక్కన తెల్లటి మచ్చ.

పక్కింటి దేముడమ్మని పిలిచింది. దేముడమ్మ తక్షణం సాక్ష్యమిచ్చింది. "మొన్న పెద్దాసుపత్రి గేటు కాడ సూసినానే తల్లీ! సంకలో ఏదో సుట్టుకొని, మొకం దించుకుని పోతన్నాడు. పలకరిస్తే ఉలిక్కిపడినాడు."

ఉలిక్కిపడిన మాట నిజమే. ఆసుపత్రి వస్తువు దొంగతనంగా తెస్తున్నవాడు ఉలిక్కిపడకేం చేస్తాడు?

"అది వైరు కవరే! ఫ్లాట్ వైరు! కన్నారావుది!" అన్నాడు గురునాథం.

"అలాగే అను మావా. ముడుపు ఎందుకు కట్టినావో బైటికి సెప్తే ఫలితం పోద్దంట. అమ్మ సెప్పింది. నేను అడగను."

"మీ అమ్మేదీ?"

"బాంబూఫ్లాట్ గంగమ్మ గుడికి. జబ్బు మనిషివి, నువ్వెక్కడ మెట్లెక్కుతావని, అమ్మే కట్టడానికి పట్టుకెల్లినాది. మొదటి ఫెర్రీకి."

ఫెర్రీ మాట వినగానే గురునాథం బ్యాటరీని, ఫిష్‌ఫైండర్‌ని సంచీలో వేసుకుని పరుగెత్తాడు. "పరిగెట్టకు మావా!" అని కామమ్మ వెనకనుంచి పెట్టిన కేకకి వీధిలో ఉన్న నాలుగిళ్ల తలుపులూ తెరుచుకున్నాయి.

రెండో ఫెర్రీ అంటే మొదటి ఫెర్రీయే, వెళ్లి తిరిగొచ్చినది. అందులో సింహాచలమ్మ వెళ్లింది, దేముడమ్మ వెళ్లింది. దేముడమ్మ నోరు ఆ దారి పొడుగునా మూతపడలేదు. టికెట్టు కోసే హిందీ అతను గురునాథాన్ని చూసి, చిల్లర తీసుకోకుండా చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. "రహనే దో భయ్యా."

బెంచీ మీద కూర్చున్న ముసలి అసిరయ్య లేచి చోటిచ్చాడు. గురునాథం తండ్రి వయసు మనిషి.

"కూకో బావూ."

"ఒద్దు తాతా, నిలబడతాను."

"నిలబడే ఓపిక దాసుకో. ముందుముందు కావాల."

"నాకేం లేదు తాతా, నిజంగా."

అసిరయ్య తల పంకించాడు. "మా బావా ఇలాగే. నాకేటీ నేదు, నాకేటీ నేదు అనేవోడు. ఆఖరికి ఆడే నేకుండా పోనాడు."

చుట్టూ ఉన్నవాళ్లు నిట్టూర్చారు. ఒకావిడ నోని కాయ రసం తాగమంది. ఇంకొకతను బొప్పాయి ఆకు అన్నాడు. రేవు మధ్యలో వాన జోరందుకుంది, ఫెర్రీ పొగ గాలికి వెనక్కి తిరిగి గురునాథం మొహాన కొట్టింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. దగ్గాడు.

ఫెర్రీ మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఇంజను గదిలోంచి రెండు తలకాయలు బయటికొచ్చి, టోపీలు తీశాయి.

బాంబూఫ్లాట్ రేవు పక్కన గట్టు మీద రేకుల గుడి. గంగమ్మ ముందు నిలువెత్తు శూలం. శూలానికి రంగులు వెలిసిన ముడుపులు గుత్తులుగా వేలాడుతున్నాయి. అన్నిటికంటే పైన, ఎవరి చెయ్యీ అందని చోట, కన్నారావు ఫ్లాట్ వైరు పసుపు బట్టలో పచ్చగా మెరుస్తోంది. కింద సింహాచలమ్మ తడిసిన జుట్టు విరబోసుకుని కూర్చుంది. చుట్టూ ఆడవాళ్లు. గుడి చూసుకునే గురువమ్మ కొబ్బరి చిప్పలు ఏరుతోంది.

"గురువమ్మా, ఆ పైది విప్పి ఇయ్యి. అందులో వైరుంది."

"ఏది ఉంటే అది ఉంటాది నాయినా. నేనడగను, నువ్వు సెప్పకు."

"నాకు జబ్బు లేదు!"

"మంచి మాట. మొక్కు తీరినట్టే. కొత్త ఫోటో తీయించి తెచ్చి సూపించు, నా సేత్తోనే ఇప్పుతాను."

"అది నా ఫోటో కాదు!"

"మరెవరిది?"

"తెలీదు."

"తెలీదంట!" అంది దేముడమ్మ, అందరి తరఫునా.

సింహాచలమ్మ జాలిగా చూసింది. "అల్లుడూ, ఎవడో ముక్కూ మొకం తెలీనోడి రొమ్ము తెచ్చి, పసుపు గుడ్డలో సుట్టి, బియ్యం పోసి, అమ్మోరి ముందు ఎడతాడా ఎవడైనా? నువ్వే సెప్పు."

అలాంటి పని చేసేవాడు లోకంలో ఉండడని గురునాథానికీ అనిపించింది. అందుకే శూలం ఎక్కబోయాడు. ఆడవాళ్లు రెండు కాళ్లూ పట్టుకున్నారు. "ఆయాసమొస్తాది బావూ!" "పట్టుకోండ్రా, పిచ్చి కూడా పట్టినట్టుంది!"

గొడవకి రేవులోంచి నూకన్న వచ్చాడు. వచ్చినవాడు గురునాథాన్ని తేరిపార చూసి, డింగీ తాడు నడుముకి చుట్టేసుకున్నాడు.

"నూకన్నా, నువ్వైనా నమ్మరా. టైమైపోతోంది. పద."

"వైరుందా?"

"పైనుంది."

"వైరు నేదు. మబ్బు దిగిపోనాది. నువ్వు జబ్బు మనిషివి. భయ్యా, నడిసముద్రంలో నీకేటన్నా అయితే మీ అత్తకి నేను మొకం సూపించగలనా?"

"పోనీ ఒడ్డు వెంబడైనా..."

"నక్కో. బిల్కుల్ నక్కో."

గురునాథం గుడి మెట్టు మీద కూలబడ్డాడు. దూరంగా రాస్ దీవి మబ్బులో కలిసిపోయింది. వాన రేకుల మీద మోగుతోంది. ఈ రోజు పోయింది. రేపటినుంచి మూడు నెలలు సముద్రం మూతే. వానాకాలం అయ్యేసరికి ఆ గోడవైపు తిరిగిన మనిషి మిగులుతాడో లేదో. పొద్దున్నుంచి లేని జబ్బుకి ఇంతమంది ఏడుస్తున్నారు. ఉన్న జబ్బు ఈ ఒడ్డునే, అవతల వీధిలో గోడకి ఎదురుగా కూర్చుని ఉంది.

అప్పుడు ఆడవాళ్లు పక్కకి తప్పుకున్నారు.

కబురు అవతల వీధికీ పాకినట్టుంది, గట్టు దిగువనుంచి లక్ష్ముడు వస్తున్నాడు. గడ్డం పెరిగింది, లుంగీ మోకాళ్లకి అంటుకుపోయింది, చెప్పులు లేవు. వెనకాల రామలక్ష్మి గొడుగు పట్టుకుని పరుగెడుతోంది. గొడుగు ఒకసారి కూడా అతని మీదకి చేరలేదు. వచ్చి అన్న ముందు నిలబడ్డాడు. పెదాలు కదిలాయి. చాలాకాలంగా తెరవని తలుపులా, మాట కిర్రుమంటూ వచ్చింది.

"అన్నియ్యా. నువ్వు పోతే నీ ఇల్లెవరు సూత్తారు?"



"నేనే గదా," అన్నాడు లక్ష్ముడే. "ఇంజను బైట నేదు. పడవ కొట్టుకొచ్చి ఖాడీ మొగలో మునిగింది. మడచెట్ల కాడ. వెదురు గెడకి తగుల్తాది," అన్నాడు.

నూకన్న నోరు తెరిచాడు. ఆ ఖాడీ, ఆ ఉప్పునీటి పాయ, దాటే రోజూ అతను వేటకెళ్తాడు. "తెలిసీ ఇన్నాళ్లూ సెప్పనేదేటిరా?"

"దొరికితే మళ్లీ ఎల్లమంటారు గదా."

గురునాథం తమ్ముడి చేతులకేసి చూశాడు. వణుకుతున్నాయి. ఇంజను పోయిందని కాదు మనిషి కూర్చుండిపోయింది, దొరుకుతుందని. దాన్ని వెతకడానికి తను అరువు పెట్టె తెచ్చాడు, కవరు కుట్టాడు, మూడు ముళ్లేశాడు.

లక్ష్ముడు శూలం మీది పసుపు కవరు చూశాడు. మళ్లీ అన్న కళ్లలోకి చూశాడు.

"నిజంగా జబ్బేనా?"

పొద్దున్నుంచి గురునాథం చెప్పిన నిజాన్ని ఒక్కరూ నమ్మలేదు. ఇప్పుడు నమ్మడానికి సిద్ధంగా ఒక మనిషి ఎదురుగా నిలబడ్డాడు. లేదురా అంటే చాలు, నమ్ముతాడు. నమ్మి, వెనక్కి తిరిగి, వెళ్లి ఆ గోడ ముందు కూర్చుంటాడు.

గురునాథం దగ్గాడు. ఒకటి చాలదేమో అనిపించి ఇంకోటి దగ్గాడు.

"సూసినారా! నేను సెప్పనేదూ!" అని సింహాచలమ్మ గుండెలు బాదుకుంది. ఆ ఏడుపులో గెలుపు కూడా ఉంది.

నూకన్న నడుముకి చుట్టిన తాడు విప్పాడు.

ఇంజను లక్ష్ముడు చెప్పిన చోటే గెడకి తగిలింది. ముగ్గురూ కొక్కేలు వేసి లాగారు. పైకొచ్చినదాన్ని ఇంజను అని పిలవడానికి పాత పరిచయం ఉండాలి. గుల్లలు పట్టి, బురద తాగి, లోపలినుంచి ఒక పీత నెమ్మదిగా బయటికొచ్చి, ఎవరు మీరన్నట్టు చూసి, మళ్లీ లోపలికి పోయింది.

"ఇది ఇంక పీతలకే ఇంజను," అన్నాడు నూకన్న.

లక్ష్ముడు వాననీళ్లు దోసిట్లో పట్టి దాని మొహం కడిగాడు. గాలి మళ్లింది, అలలు ఖాడీ మొగలో లేచాయి, నూకన్న చుక్కాని వైపు లేవబోయేసరికి అక్కడ లక్ష్ముడు కూర్చుని ఉన్నాడు. రేవు దాకా వాడే తెచ్చాడు. దారి పొడుగునా వణుకుతూనే తెచ్చాడు.

ఆ వానాకాలమంతా గురునాథం జబ్బుగా ఉన్నాడు. చేపల వేపుడు లేదు, టీ లేదు, బీడీ అసలే లేదు. పొద్దున్న నోని రసం, సాయంత్రం బొప్పాయి ఆకు రసం. ఫెర్రీలో ఎప్పుడెక్కినా బెంచీ ఖాళీ చేసేవారు. కన్నారావు మాత్రం ఏ పరామర్శకీ రాలేదు. వైరు లేని పెట్టె వెనక్కి తీసుకున్న రోజునుంచి మాట్లాడ్డం మానేశాడు. లక్ష్ముడు నూకన్న డింగీలో ఒడ్డు వెంబడి వలేసి, దొరికిన చేపల్లో సగం అన్న ఇంటికి మోసుకొచ్చేవాడు. అవి గురునాథం తప్ప అందరూ తినేవారు.

చివరికి ఓపిక నశించి పెద్దాసుపత్రికి వెళ్లాడు. "క్యా తక్లీఫ్ హై?" అన్నాడు డాక్టరు. ఏమీ లేదన్నాడు. ఏమీ లేనివాడికి ఎక్స్‌రే ఎందుకన్నాడు డాక్టరు. ఏమీ లేదని మా అత్తగారికి చూపించడానికన్నాడు గురునాథం. డాక్టరు కలం కింద పెట్టి అతని వంక చాలాసేపు చూశాడు. పెళ్లయినవాడే అయ్యుండాలి, రాసిచ్చాడు.

తెల్లమచ్చ లేని కొత్త ఫిల్మ్ చూసి గురువమ్మ అన్న మాట ప్రకారం ముడుపు విప్పింది. బియ్యం బూజుముద్దైంది. వైరు పచ్చగా చిలుము పట్టి, ముట్టుకుంటే మూడుముక్కలైంది. పాత ఎక్స్‌రే ఒక్కటే చెక్కుచెదరలేదు. సింహాచలమ్మ దాన్ని వెలుగుకి పెట్టి చూసింది.

"అయితే ఇది నిజంగా నీది కాదా బావూ?"

"కాదత్తా. మొదట్నుంచీ అదే చెప్తన్నా."

"మరి ఈ మనిషి ఏమైనట్టు?"

ఎవరికీ తెలియదు. గురువమ్మ కొత్త పసుపు గుడ్డ చింపి, ఆ ఎవరిదో రొమ్ముని అందులో చుట్టి, మళ్లీ శూలానికి కట్టింది. ఈసారి గురునాథం అడ్డం చెప్పలేదు.

గట్టు దిగుతూ లక్ష్ముడు అన్నాడు, అన్న వైపు చూడకుండా: "అన్నియ్యా, ఆ రోజు దగ్గు నీకు సరిగ్గా రానేదు."

"తెలిసిపోయిందా?"

"రెండోది మరీ ఎక్కువైంది."

ఇద్దరూ ఫెర్రీ దాకా నడిచారు.

వానలు తగ్గాక చెన్నై ఓడలో కొత్త వైరు వచ్చింది. కన్నారావుకి దాన్ని ఇచ్చేలోగా మడతపడకుండా ఉండాలని గురునాథం మళ్లీ కవరు కుట్టాడు. ఈసారి జాగ్రత్తపడ్డాడు. బియ్యం వెయ్యలేదు, ముళ్లు వెయ్యలేదు, పసుపు గుడ్డ జోలికే పోలేదు. పాత గొడుగు నల్లగుడ్డ కత్తిరించి, నాలుగు గుండుసూదులు గుచ్చి, తడవకుండా అలమారలో పెట్టి స్నానానికి వెళ్లాడు.

నల్లగుడ్డనీ, దానికి గుచ్చిన సూదుల్నీ సింహాచలమ్మ కాసేపు చూసి, చప్పుడు చెయ్యకుండా దేముడమ్మ ఇంటికి బయల్దేరింది.